మిరియాలు రాస్తే క్యాప్సికం వచ్చింది: తిండి సరుకుల పేర్లు స్పానిష్‌లోకి మార్చుకోవడం ఎలా

పెరూ దేశంలో కయావో రేవులో మా ఓడ ఆగినప్పుడు సరుకుల జాబితా రాసింది నేనే. అప్పటికి నేను మెస్‌మ్యాన్‌ని, అంటే ఓడ వంటగదిలో సాయం చేసి వడ్డించేవాణ్ణి. చీఫ్ కుక్ గారికి జ్వరం. మిరియాలు అయిపోయాయి. ఫోన్‌లో ‘పెప్పర్’ అని కొడితే మొదట వచ్చిన మాట ‘పిమియెంతో’. దాని పక్కన 5 కిలోలు అని వేసి ఇచ్చేశాను. మర్నాడు పొద్దున్న అట్టపెట్టె విప్పితే లోపల ఎర్రగా నిగనిగలాడుతూ క్యాప్సికం. మిరియం ఒక్క గింజ లేదు. తర్వాతి రేవు చేరడానికి 18 రోజులు పట్టింది. అన్ని రోజులూ చారులో ఘాటు లేదు, జలుబు చేసినవాడికి మిరియాల పాలు లేవు.

ఫోన్‌ని తప్పుపట్టలేను. నేనడిగిన మాటే మూడు వస్తువులకు సరిపోతుంది. ఇంగ్లీషు పెప్పర్‌లో మిరియమూ ఉంది, మిరపా ఉంది, క్యాప్సికమూ ఉంది. అందులో నాకు ఏది కావాలో ఫోన్‌కి ఎలా తెలుస్తుంది?

సోంపేట, కవిటి, కంచిలి, ఇచ్ఛాపురం వైపు నుంచి ఓడల్లో పనికి వెళ్ళే కుర్రాళ్ళు ప్రయాణానికి ముందు మా ఇంటికి వచ్చి ఇవే అడుగుతుంటారు. అందుకే నాకు తెలిసిన పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. పలాసలో జీడిపప్పు వ్యాపారం చేసేవాళ్ళకు, పిల్లల్ని స్పెయిన్‌కో మెక్సికోకో చదువుకు పంపినవాళ్ళకు కూడా పనికొస్తుంది. స్పానిష్ మాటలను పలికినట్టుగా తెలుగు అక్షరాల్లోనే రాశాను.

మొదటి పని: జాబితా తెలుగులో రాయండి

ఒక నోటుబుక్ తీసుకుని పేజీని నాలుగు గళ్ళు చేయండి. మొదటి గడిలో సరుకు పేరు తెలుగులో, అదీ మీ ఇంట్లో అనే మాటలో రాయండి. చోళ్ళు అంటే చోళ్ళు అనే రాయండి, రాగులు అని దిద్దక్కర్లేదు. రెండో గడి శాస్త్రీయ నామానికి, మూడోది దేశానికి, నాలుగోది స్పానిష్ మాటకి. ఇంగ్లీషుకి గడి లేదు. కావాలనే పెట్టలేదు.

ఎందుకో పెప్పర్‌తోనే చూడండి. మిరపకాయ పుట్టింది అమెరికా ఖండాల్లో. మిరియాలు వెతుక్కుంటూ వెళ్ళిన కొలంబస్ 1493 జనవరిలో అక్కడి మిరపను చూసి, ఇది వీళ్ళ మిరియం అని తన దినచర్యలో రాసుకున్నాడు. అలా మిరియం పేరే మిరపకూ అంటుకుంది. ఇంగ్లీషువాళ్ళు రెంటికీ ఒకే మాట ఉంచేసుకున్నారు. స్పానిష్‌వాళ్ళు చివర కొంచెం మార్చుకున్నారు: మిరియం పిమియెంతా, క్యాప్సికం జాతి కాయ పిమియెంతో. మనమూ అంతే కదా, మిరియం, మిరప. తమిళంలో మిళగు, మిళగాయ్. అంటే ఇంగ్లీషు కలిపేసినదాన్ని తెలుగు, స్పానిష్ రెండూ విడదీశాయి. విడివిడిగా ఉన్న రెంటిని ఇంగ్లీషు ఇరుకు గుమ్మంలోంచి ఎందుకు తోయడం?

పెప్పర్ సంగతి పూర్తిగా రాసుకోండి. మిరియాలు అన్నిచోట్లా పిమియెంతా, నల్లవైతే పిమియెంతా నేగ్రా. కారం మిరపకాయ మెక్సికోలో చీలె, దక్షిణ అమెరికాలో చాలాచోట్ల అహీ, స్పెయిన్‌లో గిందీయా. క్యాప్సికం పిమియెంతో. ఇంకో మాట ఉంది, పిమెంతోన్. స్పెయిన్‌లో అది ఎర్రటి మిరప పొడి, కొలంబియాలో, వెనిజువెలాలో క్యాప్సికం కాయ. ఈ ఒక్క మాటకి మూడో గడి, అంటే దేశం గడి, తప్పనిసరి.

‘హాట్’ అన్న ఇంగ్లీషు మాటతోనూ ఇదే చిక్కు. వేడిగా ఉంటే కలియెంతె, కారంగా ఉంటే పికాంతె. వంటవాడు సాస్ ‘కలియెంతె’గా కావాలని అడిగితే పొయ్యి మీద పెట్టి ఇస్తారు, కారం మాత్రం పెరగదు.

మన ఇంగ్లీషు వేరే ఇంగ్లీషు

ఫోన్‌కి మన దేశపు ఇంగ్లీషు సరిగా తెలియదు. మనం డ్రమ్‌స్టిక్ అంటే మునక్కాడ. ఫోన్ ‘మూస్లో’ అంటుంది, అది కోడికాలు. ఒక్కోసారి డప్పు వాయించే పుల్ల పేరు కూడా ఇస్తుంది. మునక్కాడలకు బైనాస్ దె మోరింగా అని రాయాలి. లేడీఫింగర్ అంటే ఒక రకం మెత్తటి బిస్కెట్టు పేరు వస్తుంది. బెండకాయ చాలాచోట్ల ఒక్రా, క్యూబాలో కింబొంబో. కర్డ్ అంటే ‘క్వహాదా’ వస్తుంది. స్పెయిన్‌లో అది పాలు విరిచి గిన్నెల్లో పేరబెట్టి, తేనె వేసుకు తినే తీపి వంటకం. మన పెరుగు కావాలంటే యోగుర్, పక్కన ‘నతురాల్’ అని చేర్చండి. చేర్చకపోతే పళ్ళ రుచుల తీపి డబ్బాలు వచ్చే అవకాశం ఉంది. గ్రామ్ ఫ్లోర్ అంటే తూకం గ్రాము అనుకుంటుంది. శనగపిండి అరీనా దె గర్బాన్సో.

ఆ అరీనా దగ్గర జాగ్రత్త. అరీనా అంటే పిండి, అరేనా అంటే ఇసుక.

రెండో పని: పచ్చిదా, పండా, ఎండుదా, వండిందా

సరుకు పేరు రాసి ఊరుకోకండి, అది ఏ స్థితిలో కావాలో కూడా రాయండి. మనకి వడ్లు, బియ్యం, అన్నం మూడు మాటలు. స్పానిష్‌లో ఇంగ్లీషులాగే మూడింటికీ అర్రోస్ ఒక్కటే. హోటల్లో అర్రోస్ బ్లాంకో అంటే తెల్లన్నం పళ్ళెంలో వస్తుంది, కొట్లో అదే మాటకి బియ్యం సంచి ఇస్తారు. ఉప్పుడు బియ్యం కావాలంటే స్పెయిన్‌లో వపొరిసాదో, లాటిన్ అమెరికాలో చాలాచోట్ల పర్బొలిసాదో అని కలపండి.

చేపల్లో తేడా తిరగబడుతుంది. నీళ్ళలో ఈదే చేప పెస్, పట్టి బయటపడేశాక పెస్కాదో. ఇంగ్లీషు ఫిష్‌ని ఫోన్ ఏ మాటకైనా మార్చొచ్చు. జాబితాలో ఎప్పుడూ పెస్కాదో రాయండి. బారువ ఒడ్డున మనం నెత్తళ్ళను పచ్చివి, ఎండువి అని విడిగా అమ్ముతాం కదా, స్పెయిన్‌వాళ్ళు ఆ జాతి చేపకు ఏకంగా పేరే మార్చేస్తారు. పచ్చిదీ, వెనిగర్‌లో ఊరినదీ బొకెరోన్. ఉప్పులో మాగినది అంచోవా. ఇంగ్లీషులో రెండూ ఆంచోవీయే. ట్యూనా చేపను స్పానిష్‌లో అలాగే రాసేస్తే ఇంకో ఇబ్బంది. స్పానిష్‌లో తూనా అంటే నాగజెముడు పండు. మెక్సికోలో సంచులకొద్దీ అమ్ముతారు. చేప కావాలంటే అతూన్.

అరటి అన్నిటికంటే కష్టం, నేనూ చాలా రోజులు తికమకపడ్డాను. స్పెయిన్‌లో ప్లాతనో అంటే ఒలిచి తినే పండు. మెక్సికోలోనూ అంతే, కూరకి వాడేది ప్లాతనో మాచో. కొలంబియాలో ప్లాతనో అంటే కూర అరటి, తినే పండు బనానో. వెనిజువెలాలో పండు కాంబుర్. డొమినికన్ రిపబ్లిక్‌లో పండు గినేయో. ఒకే ప్లాతనో ఒక రేవులో పండు, ఇంకో రేవులో కాయ. అరటికాయ బజ్జీ వేద్దామనుకుంటే ముందు ఏ దేశంలో ఉన్నారో చూసుకోండి.

కొబ్బరి సులువు. కోకో అంటే చాలు. లేత బొండానికి కోకో వేర్దె, తురుముకు కోకో రయ్యాదో, నీళ్ళకు ఆగువా దె కోకో. ఎండు కొబ్బరిని కోప్రా అంటారు. ఆ మాట మలయాళం కొప్ర నుంచి పోర్చుగీసువాళ్ళ నోట పడి అంత దూరం వెళ్ళింది, మన కొబ్బరికి చుట్టమే. ఉద్దానం కుర్రాడు ఆ మాట విన్నప్పుడు ఇంటి పెరడు గుర్తొస్తుంది.

మూడో పని: ఏ దేశమో తేల్చుకోండి

స్పానిష్ 20 దేశాల్లో అధికార భాష. అన్నిచోట్లా వ్యాకరణం దాదాపు ఒకటే గానీ కూరగాయల కొట్టు దగ్గరకొచ్చేసరికి ప్రతి దేశానికీ తన మాట ఉంటుంది. ఇక్కడ కూడా అంతే కదా, గుంటూరువాళ్ళకి చోడి అంబలి అంటే ఒక క్షణం ఆగి ఆలోచించాలి.

మన జీడిపప్పునే చూడండి. పలాసలో పిక్క అంటే ఒకటి, పప్పు అంటే ఒకటి, జీడిమామిడి పండు ఇంకొకటి. ఇంగ్లీషులో కేషూ అనే మాట చుట్టూనే అన్నీ తిరుగుతాయి. స్పెయిన్‌లో జీడిపప్పు అనకార్దో. కొలంబియాలో, మధ్య అమెరికాలో మరన్యోన్. కానీ అక్కడ ఆ చెట్లు ఉన్నాయి కాబట్టి మరన్యోన్ అంటే పండు కూడా కావచ్చు. పప్పే కావాలంటే సెమీయా దె మరన్యోన్ అని విడమరచండి. వెనిజువెలాలో మెరెయ్. అర్జెంటీనాలో కస్తాన్యా దె కహూ. ఆ కహూ, హిందీ కాజూ ఒకే మాట. బ్రెజిల్ తూపీ జనం భాషలో పుట్టి, పోర్చుగీసు ఓడల్లో చెట్టుతో పాటే మన దేశానికి వచ్చింది.

మెక్సికోలో జీడిపప్పుకి నుయెస్ దె లా ఇందియా అంటారు, అంటే ఇండియా గింజ. పలాసవాళ్ళకి వినడానికి బాగుంటుంది. అయితే ఈ మాట మెక్సికో దాటి వాడకండి. ఇదే పేరుతో సన్నబడటానికంటూ ఒక విషపు గింజను అమ్మారు. అది వేరే చెట్టుది, శాస్త్రీయ నామం అల్యూరైటిస్ మొలుక్కానా. అది తిని జనం ఆస్పత్రి పాలయ్యాక స్పెయిన్, అర్జెంటీనా ఆరోగ్య అధికారులు దాని అమ్మకం నిషేధించారు. మంచి పలాస పప్పు ప్యాకెట్టు మీద ఆ పేరు అచ్చు వేసి ఆ దేశాలకు పంపితే కొనేవాళ్ళు భయపడతారు. ప్యాకెట్టు మీద అనకార్దియమ్ ఆక్సిడెంటాలే అన్న శాస్త్రీయ నామం చిన్న అక్షరాల్లో వేయండి, ఏ దేశంలోనూ సందేహం ఉండదు.

పప్పు రకాల పేర్లు ఇబ్బంది పెట్టవు. గుండు ఎంతేరో, బద్ద మితాదెస్, ముక్క త్రోసోస్. డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 అనే గ్రేడ్లను మార్చనే వద్దు. అవి ఒక పౌనుకి ఎన్ని పప్పులు తూగుతాయో చెప్పే అంకెలు, ఎక్కడైనా అవే.

బెల్లం కూడా ఇలాగే ఊరూరికీ పేరు మార్చుకుంటుంది. కొలంబియాలో పనేలా, మెక్సికోలో పిలొన్సీయో, పెరూలో చంకాకా, వెనిజువెలాలో పపెలోన్. నేను కొలంబియాలో నేర్చుకున్న పనేలా అన్న మాటను మెక్సికోలో వాడాను. కొట్టతను తెల్లటి జున్నుముద్దలాంటిది చేతిలో పెట్టాడు. అక్కడ పనేలా అంటే ఒక రకం చీజ్.

ఇక రొయ్య. మెక్సికో నుంచి దక్షిణ అమెరికా దాకా చాలాచోట్ల కమరోన్. స్పెయిన్‌లో గాంబా, కాస్త పెద్దదైతే లంగొస్తీనో. అక్కడ కమరోన్ అంటే వేలి గోరంత చిట్టి రొయ్య. చిలీలో లంగొస్తీనో అంటే మన రొయ్య కాదు, పీతకు దగ్గరి ఇంకో జంతువు. మన తీరం చెరువుల్లో పెంచే వనామీ పుట్టిల్లు అసలు అటువైపే, మెక్సికో నుంచి పెరూ ఉత్తరం దాకా ఉన్న పసిఫిక్ తీరం. మన దేశంలో దాని పెంపకానికి 2009లో అనుమతి వచ్చింది. అక్కడివాళ్ళు దాన్ని కమరోన్ బ్లాంకో అంటారు, తెల్ల రొయ్య అని. లంగోస్తా అనే మాట కూడా వినిపిస్తుంది, అది కొండ్లు లేని పెద్ద సముద్రపు రొయ్య. మిడతకి కూడా అదే పేరు. కొండ్లున్న లాబ్‌స్టర్‌ని స్పెయిన్‌లో బొగవాంతె అంటారు.

వేరుశనగకి మెక్సికోలో కకవాతె, స్పెయిన్‌లో కకవేతె, దక్షిణ అమెరికాలో మనీ. నిమ్మకాయ మెక్సికోలో లిమోన్. స్పెయిన్‌లో లిమోన్ అంటే పెద్ద పసుపు రంగు పండు, మన చిన్న నిమ్మ అక్కడ లీమా. బంగాళాదుంప స్పెయిన్‌లో పతాతా, అట్లాంటిక్ దాటాక పాపా. తొర్తీయా మెక్సికోలో మొక్కజొన్న రొట్టె, స్పెయిన్‌లో బంగాళాదుంప వేసిన కోడిగుడ్డు అట్టు. ఇవి నాలుగు రోజులు వాడితే అలవాటైపోతాయి.

నాలుగో పని: తెలియని సరుకుకి శాస్త్రీయ నామం వంతెన

గోంగూరకి ఇంగ్లీషులో సోరెల్ అంటారని ఎవరో చెబుతారు. దాన్ని ఫోన్ అసెదేరాగా మారుస్తుంది. అసెదేరా మన చుక్కకూర జాతి మొక్క. పులుపు ఉంటుంది గానీ గోంగూర కాదు. ఇలాంటప్పుడు వికీపీడియాలో మొక్క పేజీ తెరిచి శాస్త్రీయ నామం చూడండి. గోంగూర అని మనం తినే ఎర్ర కాడ రకం హైబిస్కస్ సబ్దరిఫా. అదే పేజీలో భాషల జాబితాలోకి వెళ్ళి ఎస్పన్యోల్ నొక్కితే స్పానిష్ పేజీ తెరుచుకుంటుంది. మొదటి పేరాలోనే ఏ దేశంలో ఏమంటారో చాలావరకు ఉంటుంది. మెక్సికోలో ఈ మొక్క పేరు హమైకా అని తెలుస్తుంది. అక్కడ ఆకు తినడం తక్కువ. పువ్వు అడుగున ఉండే ఎర్ర తొడుగులను ఎండబెట్టి వాటితో పానకంలాంటిది చేసుకుంటారు. నేను ఆ తొడుగులను నానబెట్టి పచ్చడి చేశాను. గోంగూర పచ్చడి అనను, కానీ నెల రోజుల తర్వాత పుల్లగా ఏదో ఒకటి అన్నంలో కలుపుకున్నందుకు మావాళ్ళు సంతోషించారు.

కందిపప్పుకి కజానస్ కజన్ అని వెతకండి. ప్యూర్టోరికోలో గందూలెస్, డొమినికన్ రిపబ్లిక్‌లో గువాందూలెస్, పనామాలో గువాందూ. కరీబియన్ రేవుల్లో ఇవి బాగా దొరుకుతాయి. స్పెయిన్‌లో మాత్రం గందూల్ అంటే సోమరిపోతు. అక్కడ కొట్లో ఆ మాట అనకుండా పొట్టుతీసిన ఎర్ర లెంతేహాస్ అడిగి తెచ్చుకోండి, పప్పుచారుకి సరిపోతాయి.

పనసకి మెక్సికోలో యాకా, మరికొన్నిచోట్ల హాకా.

ఐదో పని: తిప్పి చూడండి

దొరికిన స్పానిష్ మాటని అలాగే నమ్మేయకండి. ఆ మాటనీ, పక్కన దేశం పేరునీ కలిపి బొమ్మల్లో వెతకండి. కయావోలో నేను పిమియెంతో బొమ్మ ఒక్కసారి చూసి ఉంటే సరిపోయేది. ఇంత సులువైన పని ఆ రోజు చేయలేదు. ఆ తర్వాత ఒక్క జాబితాకీ మానలేదు. ఇంకా అనుమానం ఉంటే రియల్ అకాదెమియా ఎస్పన్యోలా నిఘంటువు నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. మాట పక్కనే ఏ దేశంలో ఆ అర్థమో పొట్టి అక్షరాల్లో వేస్తారు. అన్నిటికంటే మంచిది, సరుకు ఫోటోని ఫోన్‌లో ఉంచుకుని ఓడకు సరుకులు తెచ్చే చాండ్లర్ మనిషికి చూపించడం. ఉన్న నాలుగు మిరియం గింజలు అరచేతిలో వేసి చూపినా ఫరవాలేదు.

పలకడం, రాయడం

పలకడం మనకి ఇంగ్లీషు కంటే సులువు. వాళ్ళ త, ద మన త, ద లాగే పళ్ళకు తగులుతాయి. టొమాటో అనకండి, తొమాతె అనండి. మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి, తెలుగు నోటికి హాయి. హ లాగా పలికే అక్షరం ఇంగ్లీషు జె రూపంలో ఉంటుంది, ఇంగ్లీషు హెచ్ అసలు పలకదు. వెల్లుల్లి ఆహో, మిరప అహీ, నువ్వులు అహోన్‌హొలీ. ఈ మూడూ నోటికి వచ్చేదాకా బిగ్గరగా అనుకోండి. ఎక్కడ ఒత్తి పలకాలో చెప్పే చిన్న గీతని వదలకండి. పాపా అంటే బంగాళాదుంప, చివర గీత ఉంటే పపా, అంటే నాన్న.

తూకం రాసేటప్పుడు దశాంశ చుక్క పెట్టకండి. స్పెయిన్‌లో, అర్జెంటీనాలో కామా మన చుక్క పని చేస్తుంది, చుక్క వేలను విడదీస్తుంది. ఒకటిన్నర కిలోకి 1.500 అని రాస్తే వెయ్యిన్నర కిలోలు అని చదువుకుంటారు. 1500 గ్రాములు అని చుక్క లేకుండా రాయండి.

తినకూడనివి

ఇక్కడ మాత్రం తొందరపడొద్దు. కార్నె అంటే మాంసం అని నేర్చుకుంటాం. చాలాచోట్ల మామూలు మాటల్లో కార్నె అంటే గొడ్డుమాంసం, ఎర్ర మాంసం. సిన్ కార్నె, అంటే కార్నె లేకుండా, అని చెప్పినా కోడి ముక్కలో పంది మాంసపు పలుచటి ముక్కలో కనిపించవచ్చు. వాళ్ళు మోసం చేశారనుకోకండి, వాళ్ళ లెక్కలో అవి కార్నె కావు. శాకాహారులు ఒక్కొక్కటీ పేరుపెట్టి చెప్పాలి: సిన్ కార్నె, సిన్ పొయ్యో, సిన్ హమోన్, సిన్ పెస్కాదో. పొయ్యో కోడి, హమోన్ పంది తొడ మాంసం. పులుసు ఎముకల రసంతో చేశారేమో కూడా అడగండి, ఆ రసం పేరు కాల్దో.

ఒంటికి పడనివి ఉన్నవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఇంగ్లీషు సీఫుడ్‌లో చేపలూ రొయ్యలూ కలిసి ఉంటాయి. స్పానిష్ మరీస్కోస్‌లో రొయ్యలు, పీతలు, గవ్వ జాతివి ఉంటాయి, చేపలు మామూలుగా ఉండవు. చేప పడని మనిషి మరీస్కోస్ వద్దని చెప్తే చేప ముక్క పళ్ళెంలోకి వస్తుంది. వేరుశనగ పడనివాళ్ళు కకవాతె, కకవేతె, మనీ మూడు మాటలూ ఒకే కాగితం మీద రాసి జేబులో ఉంచుకోండి. నట్ అన్న ఒక్క ఇంగ్లీషు మాటని మార్చి ఊరుకోవద్దు. నుయెస్ అంటే స్పెయిన్‌లో అక్రోటు, మెక్సికోలో పీకాన్, అంటే అక్రోటులాంటి ఇంకో గింజ. జీడిపప్పు, బాదం, అక్రోటు అన్నిటికీ కలిపి స్పెయిన్‌లో ఫ్రూతోస్ సేకోస్ అంటారు. మాటకి మాట ఎండు పళ్ళు, అచ్చం మన డ్రై ఫ్రూట్స్ లాగే.

చివరగా, సరుకు ఓడలోకి ఎక్కాక నోటుబుక్ మళ్ళీ తెరవండి. ఏ రేవు, ఏ తారీఖు, ఏ మాట రాస్తే ఏ సరుకు వచ్చింది, ఆ వరుసలోనే వేయండి. ఆ పుస్తకం మీ తర్వాత వచ్చే మెస్‌మ్యాన్‌కి అప్పగించి దిగండి. నా దాంట్లో రెండోసారి పెరూ వెళ్ళినప్పటి వరుస ఇలా ఉంది: మిరియాలు, పైపర్ నైగ్రమ్, కయావో, పిమియెంతా నేగ్రా ఎన్ గ్రానో, 5 కిలోలు. పక్కన టిక్కు.